శక్కర్‌నగర్‌కు మరో కమిటీ

మూతపడి ఉన్న బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నిజాం షుగర్స్ మాట వస్తే మా నిజామాబాద్ వైపు ఎవరైనా అడిగేది ఒకటే: "తెరుస్తరా?" ఎన్నికల ముందూ అడుగుతారు, ఎన్నికలయ్యాకా అడుగుతారు, హైదరాబాద్ నుంచి ఏ మంత్రి కాన్వాయ్ వచ్చినా అడుగుతారు. ప్రభుత్వాలు కూడా ఇన్నేళ్లుగా ఆ ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతూ వచ్చాయి. జవాబంటే కమిటీ. కమిటీలు వేయడం తప్పని నేననను. వేసిన ప్రతి కమిటీ చేతికీ ఫ్యాక్టరీ ఫైలే ఇచ్చారు, అందులో పనిచేసినవాళ్ల జాబితా ఎవరూ ఇవ్వలేదు. నా పేచీ అక్కడ. ఫ్యాక్టరీ ఆగగానే కార్మికుల కోసం దిగే టాస్క్‌ఫోర్సు ముందు కావాలన్నది నా మాట.

ఈ ప్రాంతం తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. మంజీర మీద నిజాంసాగర్ కట్టాక, ఆ కాలువ నీళ్ల భరోసాతో 1937లో నిజాం ప్రభుత్వం బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో ఈ ఫ్యాక్టరీ పెట్టింది. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటని పేరు. వేల ఎకరాల సొంత చెరకు పొలాలు, చెరకు మోయడానికి సొంత రైలు పట్టాలు ఉండేవి. ఆ నీళ్లను నమ్ముకొని కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి స్థిరపడిన ఊళ్లకు పేరు చివర ఇప్పటికీ "క్యాంపు" అని ఉంటుంది. తర్వాతి రోజుల్లో మెట్‌పల్లి దగ్గర ముత్యంపేటలో, మెదక్ దగ్గర మంబోజిపల్లిలో కూడా ఇదే సంస్థ యూనిట్లు నడిచాయి.

ఇక ఫైళ్ల కథ. 2002లో చంద్రబాబు ప్రభుత్వం 51 శాతం వాటాను డెల్టా పేపర్ మిల్స్‌కు అప్పగించి, 49 శాతం తన దగ్గర ఉంచుకుంది. 2004లో కాంగ్రెస్ వచ్చాక ఆ అమ్మకం మీద సభాసంఘం వేశారు. అది విచారించింది, అమ్మిన తీరును తప్పుపట్టింది, నివేదిక ఇచ్చింది. నివేదిక నివేదికగానే ఉండిపోయింది. 2014 ఎన్నికల్లో టీఆర్‌ఎస్ ఫ్యాక్టరీని ప్రభుత్వమే తీసుకుంటుందని మాటిచ్చింది. 2015లో స్వాధీనం కోసం జీవో వచ్చింది, కార్యదర్శుల కమిటీ వచ్చింది. మధ్యలో మహారాష్ట్రలో లాగా రైతుల సహకార సంఘమే నడిపితే ఎలా ఉంటుందన్న ఆలోచన తెచ్చారు. చెరకు రైతులు ముందుకు రాలేదు. రారు కూడా, అప్పటికే అప్పుల్లో ఉన్న ఫ్యాక్టరీని రైతు నెత్తిన పెడతామంటే ఎవరు ఊకొడతారు? అదే ఏడాది డిసెంబరు 23న మూడు యూనిట్లలోనూ లేఆఫ్ ప్రకటించారు, అంటే ప్రస్తుతానికి పని లేదని కార్మికులను బయట ఉంచారు. తర్వాత వ్యవహారం కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి ఎక్కింది, 2019లో లిక్విడేషన్ (ఆస్తులమ్మి బాకీలు తీర్చే) ఆర్డరు వచ్చింది. 2024 జనవరిలో రేవంత్ రెడ్డి ప్రభుత్వం మంత్రి శ్రీధర్ బాబు అధ్యక్షతన పునరుద్ధరణ కమిటీ వేసింది. ఈసారీ చర్చ మొదలైంది బ్యాంకు బాకీల దగ్గరే.

పార్టీలు మారాయి, రాష్ట్రమే మారింది. టేబుల్ మీదికి వచ్చే కాగితాలు మాత్రం అవే: భూమి ఎంత, యంత్రాల విలువెంత, బ్యాంకులకు ఎంత, వాటా ఎవరిది. 2015 డిసెంబరు 22న ఆ గేట్ల లోపలికి ఎంతమంది వెళ్లారు, అందులో పర్మినెంటు ఎవరు, సీజనల్ ఎవరు, కాంట్రాక్టరు కింద ఎవరు, ఇవాళ వాళ్లు ఎక్కడ ఏం చేస్తున్నారు? ఈ లెక్క తీయమని ఏ కమిటీకీ చెప్పలేదు. చెప్పనిది వాళ్లు మాత్రం ఎందుకు చేస్తారు?

సీజనల్ అన్నమాట దగ్గర కాస్త ఆగాలి. చక్కెర ఫ్యాక్టరీ ఏడాది పొడవునా నడవదు. చలికాలం ముంగిట క్రషింగ్ మొదలైతే ఎండలు ముదిరేలోపు ముగుస్తుంది. చాలామంది కార్మికులు ఆ నాలుగైదు నెలలకే వస్తారు. ఈ ఏర్పాటుకు చట్టంలో ఒక విచిత్రమైన ఫలితం ఉంది. ఈఎస్ఐ చట్టం సీజనల్ ఫ్యాక్టరీలను బయట పెట్టింది, ఆ సీజనల్ జాబితాలో చక్కెర తయారీ పేరు పెట్టి మరీ ఉంది. మన దేశంలో ప్రైవేటు కార్మికుడికి నిరుద్యోగ భృతి లాంటిది ఏదైనా ఉందంటే అది ఈఎస్ఐ ద్వారా వచ్చేదే: 2018 నాటి అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన కింద జీతంలో సగం, గరిష్ఠంగా 90 రోజులు. అదేమంత గొప్ప సాయం కాదు, కానీ చక్కెర కార్మికుడికి ఆ మాత్రమూ లేదు. ఇది మార్చాలని ఏదైనా కమిటీ సిఫారసు చేసి ఉంటే బోధన్‌కు కాకపోయినా తర్వాత మూతపడే ఇంకో ఫ్యాక్టరీకి పనికొచ్చేది.

లేఆఫ్ అనే మాటలోనూ తిరకాసు ఉంది. 2025 నవంబరు దాకా, వందమంది లేదా అంతకుమించి పనిచేసే ఫ్యాక్టరీని మూయాలంటే 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద 90 రోజుల ముందు ప్రభుత్వ అనుమతి అడగాల్సి ఉండేది, మూశాక ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాల్సి ఉండేది. అందుకే మన దగ్గర ఫ్యాక్టరీలు చట్టప్రకారం "మూతపడటం" చాలా అరుదు. లేఆఫ్ అంటారు, లాకౌట్ అంటారు, కరెంటు కట్ అయిందంటారు, ముడిసరుకు లేదంటారు. గేటు ముందు నోటీసు, దాని మీద ఎండకు వెలిసిన సంతకం. మూతపడని ఫ్యాక్టరీకి పరిహారమెక్కడిది? కార్మికుడు రాజీనామా చేసి సెటిల్‌మెంటు తీసుకోవాలా, తెరుస్తారని ఆగాలా? ప్రతి కొత్త కమిటీతో ఆ ఆగేవాళ్లు ఇంకో రెండేళ్లు ఆగుతారు. ఆశ పెట్టి ఆపడం కూడా ఒక నష్టమే, దాన్ని ఎవరూ లెక్క కట్టరు.

మా మేనమామ సంగతి చెప్తాను. ఆయనది చక్కెర ఫ్యాక్టరీ కాదు, వేరే జిల్లాలో ఒక స్పిన్నింగ్ మిల్లు. పేరెందుకులెండి. పద్దెనిమిదేళ్లు రింగ్ ఫ్రేముల మీద పనిచేశాడు. మిల్లు ఆగిపోయిన చాలా కాలానికి పీఎఫ్ డబ్బులు తీసుకుందామని ఫారాలు పట్టుకొని నా దగ్గరికొచ్చాడు. చూస్తే మిల్లువాళ్లు పంపిన రికార్డులో ఇంటిపేరు లేదు, పుట్టిన తేదీ జనవరి ఒకటి. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, తేదీ వేరు. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఉద్యోగం మానేసిన తేదీ ఖాళీ. అప్పట్లో ఆ తేదీ యజమాని మాత్రమే ఎక్కించాలి. పేరు సరిచేయాలన్నా ఉమ్మడి డిక్లరేషన్ మీద యజమాని సంతకం కావాలి. యజమాని ఎక్కడున్నాడు? మిల్లు గేటుకు సీలు, లోపల ఒక వాచ్‌మన్, రెండు కుక్కలు.

"అల్లుడూ, నేను పనిచేసిన అని చెప్పనీకి ఇంకొకడి సంతకం ఎందుకురా?" అన్నాడు మామ. నా దగ్గర జవాబు లేదు.

చివరికి కౌంటర్లో ఉన్న ఒక గుమాస్తానే ఓపిగ్గా చెప్పాడు: మూతపడిన సంస్థ అయితే బ్యాంకు మేనేజరు, గెజిటెడ్ ఆఫీసరు లాంటివాళ్లు ధ్రువీకరించినా తీసుకుంటారని. అంటే దారి ముందునుంచీ ఉంది. ఆ మిల్లులోని వందలమందికి ఆ ముక్క చెప్పినవాళ్లు లేరు. సగంమంది ఏజెంట్లకు కమీషను ఇచ్చుకున్నారు. మిల్లు ఆగిన వారంలోనే గేటు ముందు ఒక టేబుల్ వేసి, పీఎఫ్ గుమాస్తా ఒకరు, లేబర్ ఆఫీసరు ఒకరు, పక్క బ్యాంకు మేనేజరు ఒకరు కూర్చొని, యాజమాన్యం ఇంకా ఊళ్లో ఉండగానే అందరి పేర్లు, తేదీలు సరిచేయించి ఉంటే? పదేళ్ల సర్వీసు దాటినవాళ్లకు పింఛను కాగితాలు అప్పుడే పూర్తిచేసి ఉంటే? ఖర్చు టీలకు అయ్యేది. టాస్క్‌ఫోర్సు అంటే నాకు ముందు ఆ టేబుల్ కావాలి. పునరుద్ధరణ నివేదికలు ఆ తర్వాత.

ఇలాంటిది ఎక్కడైనా జరిగిందా అంటే జరిగింది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ పక్కన లాంగ్‌బ్రిడ్జ్‌లో రోవర్ కార్ల ఫ్యాక్టరీ ఉండేది. 2000లో బీఎండబ్ల్యూ దాన్ని వదిలించుకుంటానని ప్రకటించగానే అక్కడి ప్రభుత్వం టాస్క్‌ఫోర్సు వేసింది. ఫ్యాక్టరీ అప్పటికి మూతపడలేదు, పది పౌండ్లకు చేతులు మారి ఇంకో ఐదేళ్లు నడిచింది. ఆ ఐదేళ్లలో టాస్క్‌ఫోర్సు చేసిన ముఖ్యమైన పని, రోవర్‌కు విడిభాగాలు అమ్మే చిన్న కంపెనీలను పట్టుకొని మీరు ఇంకో గిరాకీ వెతుక్కోండని డబ్బు, సలహా ఇచ్చి మళ్లించడం. 2005 ఏప్రిల్‌లో కంపెనీ నిజంగానే కుప్పకూలింది. ఆరువేల మంది దాకా రోడ్డున పడ్డారు. కానీ సరఫరాదారులు అందరూ దానితోపాటు మునగలేదు. కొత్త ఉద్యోగాల ఖాళీలు, శిక్షణ, బాకీల సలహా, అన్నీ కొద్దిరోజుల్లోనే కార్మికుల ముందుకు వచ్చాయి, ఎందుకంటే యంత్రాంగం ఐదేళ్ల క్రితమే తయారైంది.

అక్కడ అంతా బంగారమని నమ్మించడం నా ఉద్దేశం కాదు. తర్వాత వాళ్ల విశ్వవిద్యాలయాలు ఆ కార్మికులను ఏళ్లపాటు వెంబడించి అడిగితే, ఎక్కువమందికి పని దొరికింది గానీ జీతాలు బాగా తగ్గాయని తేలింది. నాకు అందులో నచ్చింది ఆ వెంబడించి అడగడమే. పోగొట్టుకున్న జీతం ఎంతో వాళ్లకు తెలుసు. మనకు శక్కర్‌నగర్‌లో ఎంతమంది ఇంకా బతికున్నారో కూడా ఒక కాగితం మీద లేదు.

మరీ దగ్గరి ఉదాహరణ కావాలంటే మన టాటాలదే ఉంది. వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్‌లో టాటా స్టీల్ 2024లో ఇనుము కరిగించే రెండు బ్లాస్ట్ ఫర్నేసులనూ ఆపేసింది. బ్రిటన్ మొత్తమ్మీద 2,800 ఉద్యోగాల దాకా పోతాయని చెప్పారు. కొత్త విద్యుత్ ఫర్నేసు కోసం ప్రభుత్వం 50 కోట్ల పౌండ్లు ఇస్తోంది, దానికి ఇంతమంది అక్కర్లేదు. అయితే 2023లోనే ఒక ట్రాన్సిషన్ బోర్డు పెట్టారు. బ్రిటన్ ప్రభుత్వం, వేల్స్ ప్రభుత్వం, స్థానిక కౌన్సిల్, యూనియన్లు, కంపెనీ, అందరూ అందులో కూర్చున్నారు. పది కోట్ల పౌండ్ల నిధి, అందులో ఎనిమిది ప్రభుత్వానివి, రెండు టాటాలవి. దానికీ జబ్బు లేకపోలేదు, తొలి విడత డబ్బు ప్రకటించడానికే 2024 ఆగస్టు దాకా పట్టింది. అప్పటికి ఒక ఫర్నేసు చల్లారిపోయింది కూడా. కానీ ఫర్నేసుకు ఇచ్చే డబ్బు వేరు, మనుషులకు ఇచ్చే డబ్బు వేరు అని రెండు ఖాతాలు పెట్టారు చూడండి, అది మనం నేర్చుకోవాల్సిన పద్ధతి. కార్మికుల కోసం రెండు కోట్ల పౌండ్లు తీసిన కంపెనీ మన దేశంలోదే.

ఇక్కడో తమాషా చెప్పాలి. 1990ల చివర, 2000ల మొదట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ రంగ సంస్థలను అమ్మే, మూసే కార్యక్రమానికి ఇంప్లిమెంటేషన్ సెక్రటేరియట్ అని ఒక ఆఫీసు ఉండేది. దానికి డబ్బు సాయం బ్రిటన్ ప్రభుత్వపు విదేశీ సాయం శాఖ డీఎఫ్ఐడీ నుంచి వచ్చేది. నిజాం షుగర్స్ చేతులు మారింది ఆ కార్యక్రమం నడుస్తున్న కాలంలోనే. అంటే లాంగ్‌బ్రిడ్జ్‌లో టాస్క్‌ఫోర్సు సరఫరాదారులను కాపాడే పనిలో ఉన్న ఏళ్లలోనే, అదే దేశపు డబ్బుతో మన దగ్గర అమ్మకాల ఆఫీసు నడిచింది. నిజం చెప్పుకోవాలి, స్వచ్ఛంద పదవీ విరమణ (వీఆర్‌ఎస్) తీసుకున్నవాళ్లకు కౌన్సెలింగ్, శిక్షణ అనే భాగం కూడా ఆ కార్యక్రమంలో ఉంది. కానీ అది ప్రభుత్వ సంస్థ వదిలి వెళ్లేవాడికి. ప్రైవేటు చేతిలోకి వెళ్లాక పదమూడేళ్లకు మూతపడిన ఫ్యాక్టరీ కార్మికుడికి ఆ గొడుగు వర్తించదు. ఢిల్లీలో 1992లో పెట్టిన జాతీయ పునరుద్ధరణ నిధి గతి కూడా అంతే: తిరిగి శిక్షణ ఇస్తామని మొదలై, ఎక్కువ భాగం వీఆర్‌ఎస్ చెక్కులకే పోయి, 2000లో రద్దయింది.

"ఇదంతా సరే, ఫ్యాక్టరీ తెరిస్తే ఈ బాధలేవీ ఉండవు కదా" అనేవాళ్లుంటారు. తెరిచిన రెండింటిని చూద్దాం. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగింది. ప్రభుత్వం పదేళ్ల రాయితీలు ఇస్తామంటే జేకే పేపర్ ఎన్‌సీఎల్‌టీ ద్వారా తీసుకొని 2018లో తిరిగి నడిపింది. మంచి పనే, ఊరికి ఊపిరొచ్చింది. కానీ మధ్యలో ఆ నాలుగేళ్లు? పిల్లల ఫీజులు, పెళ్లిళ్లు, ఆసుపత్రులు నాలుగేళ్లు ఆగుతాయా? రామగుండంలో ఎరువుల కర్మాగారం 1999లో మూతపడితే, అదే చోట కొత్త ఆర్‌ఎఫ్‌సీఎల్‌లో ఉత్పత్తి మొదలైంది 2021లో. బొగ్గు పోయి గ్యాసు వచ్చింది, యంత్రాలు మారాయి, కావలసిన చదువు మారింది. 1999లో ముప్ఫై ఐదేళ్లున్న ఆపరేటర్‌కు 2021 నాటికి యాభై ఏడు. యూరియా తిరిగొచ్చింది. అతనికి మాత్రం ఇరవై రెండేళ్ల సర్వీసు తిరిగిరాలేదు. ఇక మంగపేట దగ్గర కమలాపురంలో రేయాన్స్ గుజ్జు ఫ్యాక్టరీ 2014లో ఆగింది. దానికీ రాయితీలు ప్రకటించారు, అయినా ఆ సైరన్ మళ్లీ మోగలేదు. కాబట్టి తెరవడం కోసం ప్రయత్నించండి, వద్దనను. ఆ ప్రయత్నాన్ని కార్మికుల సంగతి వాయిదా వేయడానికి సాకుగా వాడకండి.

రైతు సంగతి ఇంకా త్వరగా తేలాలి. నరికిన చెరకును ఒకటి రెండు రోజుల్లో గానుగ ఆడకపోతే బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. ఫ్యాక్టరీ ఇరవై కిలోమీటర్ల నుంచి వంద కిలోమీటర్లకు జరిగితే లారీ కిరాయికే లాభం పోతుంది. మొక్క తోట నరికాక కార్శి (మోళ్ల నుంచి మళ్లీ వచ్చే పంట) ఉంచాలా, దున్నేసి వరి వేయాలా అనేది రైతు ఆ వారంలోనే తేల్చుకోవాలి. ముత్యంపేట రైతులు కామారెడ్డి వైపు తోలుకున్నారు, తర్వాత చాలామంది చెరకే మానేశారు. ఇప్పుడు ఫ్యాక్టరీ తెరిచినా గానుగకు చెరకెక్కడిది అనేది కొత్త కమిటీ ముందున్న పెద్ద ప్రశ్న. మూతపడిన ఏడాది రవాణా ఖర్చులో కొంత భరించి, పక్క ఫ్యాక్టరీలతో కోత పర్మిట్లు మాట్లాడి ఉంటే తోటలైనా మిగిలేవి. రైతును నిలబెట్టే పని కూడా ఫ్యాక్టరీని బతికించే పనిలో భాగమేనని అప్పుడెవరికీ తోచినట్టు లేదు.

చట్టం వరసలో కార్మికుడి చోటు కూడా తెలుసుకోవాలి. దివాలా చట్టం కింద లిక్విడేషన్‌లో కార్మికుల జీతం బాకీలు తాకట్టు బ్యాంకులతో సమానంగా నిలుస్తాయి, పీఎఫ్ సొమ్మైతే అసలు ఆ లెక్కలోకే రాదు, విడిగా ఇవ్వాలి. వినడానికి బాగుంది. కానీ ఆ సమానత్వం లిక్విడేషన్ మొదలైన తేదీకి ముందు 24 నెలల బాకీలకే. మూతపడిన మూడున్నరేళ్లకు ఆర్డరు వస్తే ఆ 24 నెలలూ గేటుకు తాళమున్న నెలలే. అంతకుముందు ఎగ్గొట్టిన జీతాలు వరసలో కిందికి జారతాయి. అంటే కమిటీలు నాన్చిన ప్రతి నెలా కార్మికుడి హక్కు కొంచెం కొంచెం కరుగుతుంది. టాస్క్‌ఫోర్సులో ఒక వకీలు ఉండి మొదటి నెలలోనే క్లెయిములు రాయించాలనడం అందుకే.

మూత అనేది పిడుగులా పడదు, ప్రభుత్వానికి నెలల ముందే తెలుస్తుంది. నెలనెలా కట్టాల్సిన పీఎఫ్ చందా ఆగితే ఆ సంగతి పీఎఫ్ కంప్యూటర్లో కనిపిస్తుంది. కరెంటు బిల్లు బాకీ డిస్కం దగ్గర, చెరకు డబ్బుల బాకీ కేన్ కమిషనర్ దగ్గర ఉంటుంది. మూడు ఆఫీసులకూ మూడు ముక్కలు తెలుసు, కలిపి చూసేవాడు లేడు. రెండు నెలలు చందా ఆగిన ప్రతి పెద్ద ఫ్యాక్టరీ పేరూ కలెక్టరు టేబుల్ మీదికి దానంతటదే రావాలి. ఆ రోజు టాస్క్‌ఫోర్సు మొదలవ్వాలి. మంత్రి అధ్యక్షత అక్కర్లేదు, అదనపు కలెక్టరు చాలు. చేతిలో కొంత డబ్బు, ఆరు నెలల గడువు, నెలకోసారి అందరికీ కనిపించేలా పెట్టే లెక్క: ఎంతమందికి బాకీ అందింది, ఎంతమందికి పీఎఫ్ వచ్చింది, ఎంతమందికి పని దొరికింది, ఎంత జీతానికి.

2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. మూతకు అనుమతి కావలసిన గీత వందమంది నుంచి మూడు వందలకు జరిగింది. అంటే చిన్న ఊళ్లలోని మిల్లులు చాలావరకు ఇక ప్రభుత్వ అనుమతి లేకుండానే తలుపులు వేసుకోవచ్చు. బదులుగా రీస్కిల్లింగ్ ఫండ్ అని ఒకటి పెట్టారు: తీసేసిన ప్రతి కార్మికుడికీ యజమాని 15 రోజుల జీతం జమచేయాలి, 45 రోజుల్లో అది కార్మికుడి ఖాతాలో పడాలి. పదిహేను రోజుల జీతంతో ఏ విద్య కొత్తగా నేర్చుకుంటారో నాకైతే అర్థం కాలేదు. ఆ డబ్బు కట్టే స్థితిలో లేని యజమాని సంగతి అంతకంటే అర్థం కాలేదు.

ఈలోపు విశాఖలో చూడండి. 2025 జనవరిలో కేంద్రం ఉక్కు ఫ్యాక్టరీకి 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఫ్యాక్టరీ నిలబడిందని అందరం సంతోషించాం. అదే ఏడాది కాంట్రాక్టు కార్మికులను తీసేస్తూ వచ్చారు, సంఘాలు వేలల్లో లెక్క చెబుతున్నాయి. ఫ్యాక్టరీ మూతపడలేదు కాబట్టి ఏ కమిటీ లెక్కలోకీ వాళ్లు రారు. వాళ్లలో భూమి ఇచ్చిన నిర్వాసిత కుటుంబాలవాళ్లూ ఉన్నారు. ఎవరు ఎన్నేళ్లు లోపలికి వెళ్లి వచ్చారో గేటు పాసుల రికార్డులో తేదీలతో సహా ఉంటుంది. కాంట్రాక్టర్లు మారిపోయి ఆ కాగితాలు చెదిరిపోకముందే జిల్లా లేబర్ ఆఫీసు ఆ రికార్డు నకలు తెప్పించుకోవచ్చు, అందుకు ఏ కమిటీ నివేదికా అక్కర్లేదు.